సంచి వద్దనేవాళ్ళు

తొండియార్‌పేట సూపర్‌మార్కెట్ వాకిట్లో వరదరాజులు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు, తను కుట్టిన పసుపు గుడ్డసంచులు భుజాన వేసుకుని. లోపల సంచికి పది రూపాయలంటే మండిపడి వచ్చినవాళ్ళు బయట ఐదుకే ఇస్తానన్నా తల తిప్పుకుంటారు. సామాన్లను చంటిబిడ్డల్లా గుండెకు హత్తుకుని పోతారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇంట్లో అమ్మడానికి ఇక కుట్టుమిషనే మిగిలింది. ఎవరి చేతుల్లోంచైనా ఏదైనా జారిపడితే బాగుండునని మొక్కుకునేదాకా వచ్చాడాయన.

మొక్కు ఫలించింది. ఒకామె చేతిలోని పాలపాకెట్టు జారి మెట్టు మీద చిట్లింది. వరదరాజులు పరుగున వెళ్ళి, "ఇందమ్మా, సంచి!" అంటూ అందించాడు. ఆమె అందుకుని, పాదాల మీద చిందిన పాలను దాంతో శుభ్రంగా తుడుచుకుని, "రొంబ థాంక్సన్నా" అని అరవంలో అంటూ తిరిగి ఇచ్చేసింది. ఆయన దాన్ని పిండి, మరక కనపడకుండా మడిచి, మిగతా సంచుల అడుగున పెట్టుకున్నాడు.