బాపు షెడ్డులో పైపులు పైకెక్కిన రోజు

మా చిన్నప్పుడు... ఆర్మూర్‌లో మా బాపు వెల్డింగ్ షెడ్డులో నడవాలంటే గంతులు రావాలి. ఒక పక్క గాలిపైపు, ఇంకో పక్క వెల్డింగ్ కేబుల్, మధ్యలో గ్రైండర్ వైరు... నేలంతా చిక్కులు పడి ఉండేవి.

నాకది ఆట. బాపుకు కాదు. పసితనంలో జ్వరమొచ్చి ఆయన ఎడమకాలు సన్నబడిపోయింది. దాన్ని ఈడ్చుకుంటూ నడిచేవాడు. రోజుకు నాలుగుసార్లైనా ఆ పాదం ఏదో ఒక పైపుకు తట్టుకునేది.

నేను ఏడో తరగతిలో ఉన్నాను. పసుపు సీజన్... కొమ్ములకు మెరుగుపెట్టే ఇనుప డ్రమ్ములు రిపేరుకని షెడ్డు ముందు వరుస కట్టాయి. ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని పోయేసరికి బాపు నేల మీద పడి ఉన్నాడు. గాలిపైపు కాలికి చుట్టుకుంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర పోయింది.

దవాఖానలో సిమెంటు పట్టీ వేసి నెలన్నర కదపొద్దన్నారు. ఆలోపు సీజనే అయిపోతుంది... షెడ్డులో పనిచేసే మనిషి అంతకు ముందే మస్కట్ వెళ్లిపోయాడు.

షెడ్డు జాగా మార్కెట్‌లో రైతుల పసుపు అమ్మించే ఒక అడ్తి సేటుది. పరామర్శకని వచ్చాడు. "నర్సయ్యా, గీ కాలుతోని ఇంకెన్ని దినాలు జేస్తవ్? షెడ్డు ఇడిస్తే పసుపు బస్తాలేసుకుంట" అన్నాడు. సేటు వెళ్లాక బాపు, "నిజమే గదా... కాలే గిట్లున్నది" అన్నాడు మెల్లగా.

బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మ తలెత్తింది. "కాలు మారదు. పైపులు మారుస్తం" అంది.

ఆ మాట బాపుకు ఎక్కడో తగిలింది. షెడ్డు గేటును తెరుస్తూ మూస్తూ చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని నేల మీద గీశాడు... ఒక స్తంభం, దాని తల దగ్గర గేటులా తిరిగే పొడుగాటి చెయ్యి.

"పైపులు, వైర్లు అన్ని దీనికే ఏలాడదీద్దాం. నేను ఏడికి పోతే గది గాడికొస్తది."

బాగానే ఉంది... అతికేదెవరు?

"గా వెల్డింగ్ హోల్డర్ ఎట్ల పట్టాల్నో జెప్పు" అంది అమ్మ.

మొదటి రోజంతా రాడ్డు ఇనుముకు అంటుకుపోవడమే. అమ్మ విసుక్కుంది, కళ్లకు అడ్డం పట్టే నల్లద్దం కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది. రెండో రోజు తుక్కు ముక్కల మీద గీత తిన్నగా పడింది. బాపు దాని మీద వేలు రాసి చూశాడు. "నా దానికన్న సాఫుగొచ్చింది" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పాత బోరు పైపును స్తంభంగా పాతి సిమెంటు పోశాం. తిరగడానికి తుక్కులో దొరికిన ట్రాక్టర్ ముందు చక్రం హబ్బు. పన్నెండడుగుల పైపు చెయ్యి. అది వంగకుండా పైనుంచి ఏటవాలుగా ఒక కడ్డీ.

ఆ చెయ్యిని స్తంభం మీదికి ఎక్కించే రోజున కమ్మర్‌పల్లి రైతు లింబన్న వచ్చాడు. "కొమ్ములు ఎండి కూసున్నయి నర్సన్నా. నా డ్రమ్ము ఇయ్యి, మాక్లూర్ల చేపిచ్చుకుంట" అన్నాడు.

"ఎట్లాగూ వచ్చినవ్ అన్నా... గిది జర పట్టు" అంది అమ్మ.

లింబన్న, పక్క హోటల్‌లో చాయ్ తాగుతున్న నలుగురు కలిసి ఎత్తారు. బోల్టులు బిగించారు. వదిలారు.

చెయ్యి దానంతటదే తిరిగి ధడేల్‌మని గోడకు కొట్టుకుంది. మధ్యకు తెచ్చి వదిలితే మళ్లీ గోడకే. నవ్వులు మొదలయ్యాయి. "ఆడోళ్ల వెల్డింగ్ గిట్లనే ఉంటది" అన్నారెవరో. అమ్మ ముఖం చూడలేకపోయాను.

బాపు మాత్రం నవ్వే వాళ్ల వైపు చూడలేదు. "బిడ్డా, దారానికి నట్టు కట్టి స్తంభం పక్కన పట్టు" అన్నాడు. పట్టాను. పైన దారం స్తంభానికి ఆని ఉంది, కింద బొటనవేలంత ఎడం.

"అతుకు మంచిగున్నది. స్తంభమే ఒరిగింది. పాతిచ్చింది నేనే" అన్నాడు అందరికీ వినిపించేలా.

లంగా దోపుకుని నిచ్చెన ఎక్కాను. బాపు కిందనుంచి చెబుతుంటే హబ్బు కింద ఒరిగిన పక్కన రేకు ముక్కలు దూర్చి మళ్లీ బిగించాను. ప్రతి బోల్టునూ రెండోసారి తిప్పి చూశాను... మళ్లీ గోడకు పోతుందేమోనని.

వదిలాం. నిలబడింది. ఎటు తిప్పినా, ఎక్కడ వదిలితే అక్కడే! గాలిపైపు, కేబుల్, వైరు అన్నీ నేల మీంచి తీసి దానికి వేలాడదీశాం.

అమ్మ అప్పటికప్పుడు లింబన్న డ్రమ్ము ముందేసుకుంది. తను చుట్టూ తిరిగి అతుకుతుంటే నెత్తి మీద ఆ ఇనుప చెయ్యి వెంటే వచ్చింది. ఆ పక్కనే బాపు... ఖాళీ నేల మీద, ఎక్కడా ఆగకుండా, తట్టుకోకుండా, డ్రమ్ము చుట్టూ రెండుసార్లు నడిచాడు. మూడోసారి ఊరికే నడిచాడు.

లింబన్న అతుకును సుత్తితో కొట్టి చూసి, "మా ఊళ్లె ఇంకో మూడున్నయి చెల్లే, రేపు తోలుకొస్త" అన్నాడు.

ఆ సీజనంతా అమ్మే చేసింది. పట్టీ విప్పాక కూడా మానలేదు... ఇద్దరూ పోటీ పడేవాళ్లు. సేటు ఒకసారి వచ్చి, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లాడు. బస్తాల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు బ్యాటరీతో నడిచే, అసలు వైర్లే లేని గ్రైండర్లు వచ్చాయి. పని సులువైంది, మంచిదే... కానీ ఇంట్లో ఒకరికి కష్టమొస్తే ఇల్లంతా తుక్కు కుప్ప వెతికే రోజులు పోయాయి. ఏది కావాలన్నా డబ్బాలో వచ్చేస్తుంది, ఎవరు చేశారో కూడా తెలియదు...

మీ ఇంట్లో మీవాళ్లు సొంత చేతులతో, మీలో ఒకరి కోసమే చేసిన వస్తువేదైనా ఉండేదా? ఎవరు చేశారో వాళ్ల పేరుతో సహా రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.