కరెంటు పెట్టించుకున్న దేవకి

చొప్పదండి ఉపేందర్‌రావు తన చెల్లెలు దేవకిని లక్సెట్టిపేట బాలకిషన్‌రావుకు ఇచ్చి చేసింది ఎనభై నాలుగులో. ఎరువుల దుకాణం, సొంత ఇల్లు, ఇంట్లో అత్త లీలాబాయి ఒక్కతే. బంగారంలాంటి సంబంధమని ఊరంతా అంది. ఊరికేం పోయింది, అంటుంది. దెబ్బలు తినేది ఊరు కాదు గదా.

పెళ్లయిన రెండో ఏడు దేవకి గడ్డం మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. మొదట నాలుగైదు, ఆ తర్వాత లెక్కకు అందనన్ని. ఆడవాళ్లకు అట్లా రావడం లోకంలో కొత్తేమీ కాదు. చాలామందికి వస్తాయి, చాటుగా పీక్కుంటారు, ఎవరికీ చెప్పరు. దేవకి కూడా పీక్కుంది. పీకిన కొద్దీ మొండిగా మళ్లీ వచ్చాయి. ఒకరోజు పొద్దున ఆమె చాయ్ అందిస్తుంటే బాలకిషన్‌రావు ఆమె గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది నుంచి పైకి రాశాడు.

"ఏందే గిది? నేను ఆడిదాన్ని చేసుకున్ననా, మొగోన్ని చేసుకున్ననా?"

అని చాయ్ కప్పు ఆమె మీదికే విసిరాడు. ఆనాటి నుంచి ప్రతి పొద్దున అదే పరీక్ష. వేలికి గరుకు తగిలిందా, చెంప పగిలేది. ఒక్కోసారి బెల్టు లేచేది. ఒకసారి జుట్టు పట్టి తలను దర్వాజాకేసి కొడితే కనుబొమ్మ చీలి మూడు కుట్లు పడ్డాయి.

నాకు ఒళ్లు మండే సంగతేమిటంటే, దేవకి అతన్ని తప్పు పట్టలేదు. తప్పంతా వెంట్రుకలదే అనుకుంది. అవి పోతే దెబ్బలూ పోతాయని గట్టిగా నమ్మింది. ఆమెకు దేవుడి మీద కూడా అంత నమ్మకం ఉండేది కాదు.

కరీంనగర్ ముకరంపురలో షహర్ బానో అనే ఆమె ముఖం మీది వెంట్రుకలకు కరెంటుతో వైద్యం చేస్తుందని చిన్ననాటి స్నేహితురాలు ప్రమోదిని ఉత్తరం రాసింది. బానో హైదరాబాదులో ఒక లేడీ డాక్టరు దగ్గర పన్నెండేళ్లు పనిచేసి నేర్చుకున్న మనిషి. ఉత్తరం చూపిస్తే బాలకిషన్‌రావు "పో, గా పీడ వదిలిచ్చుకొని రా" అన్నాడు. పదిహేను రోజులకోసారి, గురువారం పొద్దుటి బస్సుకు పోయి సాయంత్రానికి తిరిగిరావడం మొదలైంది.

తడి గుడ్డ చుట్టిన ఇత్తడి కడ్డీని దేవకి ఎడమ చేత్తో పట్టుకోవాలి. బానో కళ్లద్దాలు సర్దుకుని, వెంట్రుక పక్క నుంచి సన్నటి సూది దించి, మీట నొక్కి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. చీమ కుట్టినట్టు మొదలై చురుక్కున కాలేది. తర్వాత చిన్న చిమ్టాతో ఆ వెంట్రుకను పట్టుకుని తీసేది.

"జర సూడమ్మా," అంది బానో మొదటి రోజే. "ఎంటిక ఏరు సచ్చిందనుకో, వెన్నలకెళ్లి ఒచ్చినట్టొస్తది. తోలు గుంజినట్టయితే ఏరు బతికున్నట్టు. మల్ల పెట్టాలె."

నాలుగు నెలలైనా వెంట్రుకలు వస్తూనే ఉంటే దేవకి పరేషాన్ అయింది. బానోను అక్కా అన్నట్టే ఆపా అని పిలిచేది. "పని చేస్తలేదేమో ఆపా? మల్ల మొలుస్తున్నయి."

"అవి పాతయి గావు. తోలు కింద పండుకున్నయి లేస్తున్నయి. నువ్వు ఎంటికలు లెక్కపెట్టుకోకు, గడియారం జూడు. మొదటిసారి నీ గడ్డం సాఫ్ జేసేతందుకు యాభై అయిదు నిమిషాలు పట్టింది. ఇయ్యాల నలభై. గది తగ్గుతుంటే పనైతున్నట్టే. ఫికర్ జేయకు. కత్తెర పెట్టుకో గని పీకకు. నా దగ్గరికొచ్చే మూడు రోజుల ముంగట కత్తెర గూడ ముట్టకు. పెరగకుంటే సూదికి దొరకవు."

అసలు చావు అక్కడే వచ్చింది. వైద్యం సాగాలంటే వెంట్రుక పెరగాలి. పెరిగితే అతని వేలికి తగులుతుంది. సోమ, మంగళ, బుధ, ఆ మూడు రోజులు ఆ ఇంట్లో తన్నులే తన్నులు. సూది పెట్టిన చోట్ల కట్టిన చెక్కులను అతను గోటితో లేపేవాడు. రక్తం వచ్చేది. "యాడాది సంది పోతున్నవ్, ఏం పీకినవే?" అని కడుపులో తన్నేవాడు. దేవకి పళ్లు బిగపట్టి నిమిషాలు గుర్తు చేసుకునేది. నలభై. ముప్పై మూడు. ఇరవై ఆరు.

ఒక గురువారం ఆమె వాచిన పెదవితో కుర్చీలో కూర్చుంది.

"గిదేంది?" అంది బానో.

"తలుపు తగిలింది ఆపా."

బానో ఆమె ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. చెంప మీద నాలుగు వేళ్ల గీతలు కమిలి ఉన్నాయి. "తలుపుకు ఏళ్లుంటయా అమ్మా?" అంది. దేవకి ఇత్తడి కడ్డీ అందుకుంది. బానో సూది తీసుకుని, వాచిన పెదవి జోలికి పోకుండా గడ్డం కింది నుంచి మొదలుపెట్టింది.

ఈ లోపల ఇంకో ముప్పు వచ్చింది, అదీ ఒక మాట వల్ల. గురువారం గురువారం కోడలు ఎక్కడికి పోతుందని ఇరుగుపొరుగు అడిగితే, కోడలికి గడ్డం వచ్చిందని చెప్పుకోవడం లీలాబాయికి నామోషీ. "కరీంనగర్ల కరెంటు పెట్టిచ్చుకుంటున్నది" అని ఊరుకునేది. ఆ రోజుల్లో కరెంటు పెట్టించుకోవడమంటే జనానికి ఒకటే అర్థం, పిచ్చికి తలకు పెట్టడం. పది రోజుల్లో లక్సెట్టిపేటంతా దేవకికి పిచ్చి లేచిందని చెప్పుకున్నారు. పిల్లలు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. ముఖం మీద దెబ్బలు కనిపిస్తే "అయ్యో, గోడకేసి కొట్టుకుంటదట" అన్నారు. లీలాబాయి కాదనలేదు. ఎందుకు కాదంటుంది? కొడుకు చేతులు శుభ్రంగా కడుక్కున్నట్టయింది గదా.

ఆ మాట చొప్పదండి దాకా పాకి ఉపేందర్‌రావు ఆదరాబాదరా వచ్చాడు. చెల్లెలి విరిగిన పన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"చెల్లే, నువ్వు కరెంటు పెట్టిచ్చుకుంటున్నది నిజమేనా?"

"నిజమే అన్నా."

గడ్డానికి అని ఒక్క ముక్క కలిపితే సరిపోయేది. కానీ తోడబుట్టినవాడి ముందు నాకు గడ్డం మొలుస్తుందని ఏ ఆడపిల్ల చెప్పగలదు? సిగ్గుతో నాలుక మడతపడింది. బాలకిషన్‌రావుకు అంతా తెలుసు. గోడకు ఆనుకుని వక్కలు నములుతూ చూస్తున్నాడు.

"అయితే మందులు మంచిగ వేసుకో. బావ ఓపిక మంచిది," అని అన్న బస్సెక్కాడు. ఆ మాట బెల్టు కంటే ఎక్కువ తగిలింది. దేవకి ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని గుండెలవిసేలా ఏడ్చింది. పిచ్చిది ఏడుస్తుందని పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

అయినా గురువారాలు మానలేదు. పద్దెనిమిది నిమిషాలు, పదకొండు, ఆరు. ఎనభై ఎనిమిది చివర్లో ఒక గురువారం బానో భూతద్దం పెట్టి గడ్డమంతా వెతికి సూదిని డబ్బాలో పెట్టేసింది.

"ఇగ నాకు ఈడ పని లేదు. ఎప్పుడన్న ఒకటీ అరా లేస్తే వచ్చి కనపడు. నీది అయిపోయిందమ్మా."

దేవకి ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుంది. బస్సులో దారిపొడుగునా గడ్డం తడుముకుంటూనే ఉంది. రేపటి నుంచి తన్నులు లేవు అనుకుంది. ఆ ఆనందంలో ఆమెకు ఆకలి కూడా తెలియలేదు.

తెల్లారి చాయ్ ఇచ్చి తానే ముఖం ముందుకు చాపింది. బాలకిషన్‌రావు బొటనవేలు కిందికీ మీదికీ రాశాడు. మళ్లీ రాశాడు. ఏమీ తగల్లేదు. అతని ముఖం నల్లబడింది.

"ఎవనికోసమే గింత నున్నగ చేయించుకున్నవ్? రెండేండ్ల సంది కరీంనగర్ల ఎవన్ని కలిసొస్తున్నవ్?"

కొట్టిన దెబ్బకు పొయ్యి గడ్డ మీద పడి ఆమె గడ్డం చిట్లింది. పడినదాన్ని డొక్కలో తన్నాడు. రెండో తన్నుకు ఆమెకు ఊపిరి ఆగింది, మూడో తన్నుకు కోపం వచ్చింది. ఐదేళ్లలో మొదటిసారి వచ్చింది, పూనకం వచ్చినట్టు వచ్చింది. నాలుగో తన్నుకు కాలెత్తినవాడి రెండో మోకాలి మీద పక్కనున్న పీట ఎత్తి వేసింది. ఎముక పటుక్కుమంది. అతను అరుస్తూ కూలబడ్డాడు. పీట మళ్లీ ఎత్తి భుజం మీద వేసింది. లీలాబాయి గుండెలు బాదుకుంటూ వీధిలోకి ఉరికింది. జనం పోగయ్యారు గానీ ఒక్కరూ గడప దాటి లోపలికి రాలేదు. దేవకి పీట కింద పెట్టి, వాళ్ల మధ్య నుంచి చెప్పులు కూడా లేకుండా ఠాణాకు నడిచింది.

ఠాణాలో రాయమల్లు అనే పెద్ద జవాను ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "నువ్వు గా కరెంటు పెట్టిచ్చుకునే దొరసానివి గదా?" అన్నాడు అనుమానంగా.

"ఔ. గడ్డానికి పెట్టిచ్చుకున్న. నాకు మొగోల్ల లెక్క గడ్డం మొలిచింది, తీయించుకున్న. తలకాయ బాగనే ఉన్నది," అంది దేవకి, ఠాణాలో ఉన్న మగవాళ్లంతా తిరిగి చూసేట్టు.

రాయమల్లు కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఎందుకు కొట్టిండమ్మా? కారణం రాయాలె."

నిన్నటిదాకా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండేది. ఎవరూ అడగకపోయినా తనకు తాను చెప్పుకునేది. ఇప్పుడు చెయ్యి పైకి పోయి, రక్తం కింద నున్నటి చర్మాన్ని ముట్టుకుంది.

"కారణమేం లేదు సారూ," అంది. "ఎన్నడు గూడ లేకుండె. అట్లనే రాయుండ్రి."