నాన్న లేచి నిలబడి విన్న పాట

అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దగ్గర ఒక మేడ మీద గదిలో మా భజన పాటలు రికార్డు చేశాం. కంప్యూటర్లో పాట తయారుచెయ్యడం అప్పటికి మాకు కొత్త. నేను పాడాను, నాన్న డోలక్ వాయించారు. ఫ్లూటు ఆయన వేరే రోజు వచ్చి తన వంతు వాయించి వెళ్ళిపోయాడు. మేం ఆయన్ని చూడనేలేదు.

మిక్సింగ్ అయ్యాక స్టూడియో ఆయన మమ్మల్ని పిలిచి, ముందు నాకు హెడ్‌ఫోన్లు పెట్టాడు. నా గొంతు నా నుదుటి మధ్యలోంచి వస్తోంది. ఎడమవైపు ఫ్లూటు, కుడివైపు డోలక్, కాస్త వెనగ్గా తాళాలు. ఎన్నడూ కలవనివాళ్ళం ఒకే చాప మీద కూర్చున్నట్టుంది.

తర్వాత నాన్న పెట్టుకున్నారు. కాసేపు విని, "ఫ్లూటు తీసేసేవేటి బాబూ?" అన్నారు.

"ఉంది మామా. ఎడం పక్కనుంది," అన్నాడు స్టూడియో ఆయన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. చిన్నతనంలో జ్వరమొచ్చి నాన్నకి ఎడమ చెవి పోయింది. ఇంట్లో అందరం ఆయన కుడిపక్కన చేరే మాట్లాడతాం. అలవాటైపోయి ఆ సంగతే మరిచాం.

నేను చెప్పగానే స్టూడియో ఆయన హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టాడు.

"ఇప్పుడు ఫ్లూటొచ్చింది. నా డోలక్ ఎల్లిపోయింది," అన్నారు నాన్న.

"అన్నీ మధ్యలోకి తెచ్చేత్తాను మామా."

"ఆగు. పెద్ద స్పీకర్లలో ఎయ్యి, సూద్దాం."

పాట మొదలైంది. నాన్న లేచి, కుడిచెవి ముందుకు పెట్టుకుని, ఎడమ స్పీకరు దగ్గరికి వెళ్ళారు. "ఈడిక్కడున్నాడు," అన్నారు ఫ్లూటు వింటూ. మెల్లగా నడిచి మధ్యకొచ్చి ఆగారు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడని చూపించి, "ఇది నువ్వు," అన్నారు నాతో. చివరికి అవతలి స్పీకరు దగ్గరికి చేరారు. డోలక్ మోగుతోంది. ఎవరో పెద్ద విద్వాంసుడి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని విన్నారు.

పాట అయిపోయాక అన్నారు: "నన్ను నేను ఎదురుగా నిలబడి ఎప్పుడూ ఇనలేదు."

తర్వాత స్టూడియో ఆయన వైపు తిరిగారు.

"రెండు సెవులున్నోళ్ళకి ఇదంతా ఒక్కసారే ఇనపడతాదా?"

"వినపడుద్ది మామా," అన్నాడాయన నెమ్మదిగా.

"అయితే అలాగే ఉంచు. నాకోసం మార్చొద్దు."

అయినా ఆయన, అన్నీ మధ్యలోనే వినిపించే సీడీ ఇంకొకటి నాన్న కోసం చేసి ఇచ్చాడు. దాన్ని నాన్న ఒకసారి విని మెచ్చుకుని దాచిపెట్టారు. ఇంట్లో రోజూ వేయించుకున్నది మొదటిదే. అది మోగినంతసేపూ కూర్చునేవారు కాదు. ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకి నడుస్తూనే వినేవారు.