నలభై ఒక్క శాతం దగ్గర నేను తీసిన డిస్కు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. పైగా నేను చూసిన మనిషి చనిపోయినవాడు కాదు. ఆ రోజు ఆయన ప్రాణాలతో కడప జైల్లో ఉన్నాడు. అందుకే దీన్ని ఏమనాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా తప్పు కూడా ఇందులోనే ఉంది. అది వదిలేస్తే మిగతాది అర్థం కాదు.

ఎలక్ట్రానిక్స్ చదివి ప్రొద్దుటూరులో ఒక చిన్న సంస్థలో చేరాను. సీసీ కెమెరాలు, వాటి సర్వర్లు పెట్టడం, బాగుచేయడం మా పని. జమ్మలమడుగు, పులివెందుల దాకా బైకు మీద తిరిగేవాణ్ణి. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉండేది. అక్కడ పదహారు కెమెరాలు, రికార్డింగు దాచే పెట్టెలో ఆరు హార్డ్ డిస్కులు. ఇరవై రోజులు దాటితే పాతవి చెరిగిపోయేవి. మూడు నెలలు నిలవాలని యాజమాన్యం పెద్ద డిస్కులు కొన్నది.

వాటిని మార్చే పద్ధతి చెప్పాలి. పెట్టె నడుస్తుండగానే ఒక పాత డిస్కు తీసి, దాని చోట కొత్తది పెట్టాలి. మిగిలిన ఐదూ కలిసి, తీసేసిన దానిలో ఏముండేదో లెక్కగట్టి కొత్తదాన్ని నింపుతాయి. ఏడెనిమిది గంటలు పడుతుంది. నూరు శాతం నిండాకే రెండోదాన్ని తాకాలి. ఈలోగా ఇంకొకటి తీస్తే అన్నిటిలోనిదీ పోతుంది. ఆరు డిస్కులకు ఆరు రోజుల పని.

అది మొదలుపెట్టే ముందు వారం, వీరపునాయునిపల్లె వైపు ఒక పల్లెలో పార్టీ గొడవ జరిగి, మధ్యాహ్నం పూట ఒకాయన్ని నరికి చంపారు. మా వైపు ఇలాంటి కేసుల్లో ఒక అలవాటు ఉంది. చంపింది నలుగురైనా ఫిర్యాదులో పన్నెండు పేర్లు రాయిస్తారు. అవతలి వర్గంలో ఇల్లు నడిపే మగవాళ్ళు ఆ సమయానికి ఎక్కడున్నా సరే, అందులో చేరిపోతారు. రెండు వర్గాలూ ఇదే పని చేస్తాయి.

అలా చేరిన పేర్లలో ట్రాక్టరు డ్రైవరు ఓబులేసు పేరు ఒకటి. పోలీసులు ఆయన్ని కడప జైల్లో పెట్టారు. హత్య జరిగిన సమయంలో ఆయన జమ్మలమడుగు ఆస్పత్రి హాల్లో ఉన్నాడు. లోపల ఆయన తల్లికి తుంటి ఆపరేషన్ జరుగుతోంది. కాగితాల మీద సంతకం పొద్దునే చేశాడు కాబట్టి అది మధ్యాహ్నానికి రుజువు కాదు. ఇంటివాళ్ళ సాక్ష్యం నిలవదని లాయరు చెప్పాడట. మిగిలింది రికార్డింగే.

ఆయన భార్య రామలక్ష్మి వచ్చి అడిగితే, కౌంటర్లో కూర్చునే సువార్తమ్మ ఆమెను నా దగ్గరికి పంపింది. నేను వెతికి చూపించాను. రెండు పది నుంచి ఐదు ఇరవై దాకా ఓబులేసు మూడో బెంచీ చివర కూర్చునే ఉన్నాడు. భుజాన ఎర్ర తువ్వాలు, ఒళ్ళో స్టీలు క్యారియర్. ఒకసారి సువార్తమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఒకసారి ఆయన క్యారియర్ మూత తీసి, తినకుండా మళ్ళీ పెట్టేశాడు.

"అదిగో, ఆయప్పే! వాళ్ళమ్మ బయటికొచ్చేదాకా మెతుకు ముట్టడు, మొండోడు" అని రామలక్ష్మి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

లాయరు కాగితం తెస్తే కాపీ ఇస్తానన్నాను. ఆస్పత్రి నిబంధన అది. కాపీ తీయడం ఐదు నిమిషాల పని. పెన్‌డ్రైవ్ నా జేబులోనే ఉంది.

మరుసటి రోజు శంకర మామ నన్ను కారం దోసెకు పిలిచాడు. మా అమ్మ తమ్ముడు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. చనిపోయినాయన వర్గం నాయకుడి వెంట తిరుగుతాడు.

"ఏం అల్లుడా, ఆస్పత్రిలో డిస్కులు మారుస్తాండావంట?"

"రేపటి నుంచి, మామా."

"మార్చేటప్పుడు ఒగోసారి అంతా పోతాదంట గదా?"

"జాగ్రత్తగా చేస్తే పోదు."

"అంత జాగ్రత్త యాల? నీకేమన్నా బిరుదిస్తారా?" అని నవ్వాడు. "నేనేమన్నా చెరపమంటాండానా? పోయేది పోతాదిలే అంటాండా. తిను, దోసె సల్లారిపోతాంది."

ఆయన బెదిరించలేదు. బెదిరించి ఉంటే చెప్పుకోవడానికి నాకొక సాకు ఉండేది.

మొదటి డిస్కు నలభై ఒక్క శాతం నిండినప్పుడు నేను రెండోది తీశాను. పెట్టె కూత పెట్టడం మొదలుపెట్టింది. నివేదికలో మూడు మాటలు రాశాను. ఒకటి, డిస్కులు పాతబడి ఉన్నాయి. రెండు, నింపుతుండగా ఇంకొకటి పాడైంది. మూడు, సమాచారం తిరిగి రాదు. ఇలా నిజంగానే జరుగుతుంటుంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. పాతవి ఆరూ మామకు ఇచ్చేశాను. కొత్తవి సీలు విప్పి పెట్టి, అంతా ఖాళీ నుంచి మొదలుపెట్టాను.

రెండు రోజులకు రామలక్ష్మి లాయరు కాగితం తెచ్చింది. మిషన్ చెడిపోయిందక్కా అన్నాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"పోతే పోనీ. నువ్వు చూసినావు గదప్పా. నా పక్కన నిలబడుకోని చూసినావు. ఆ మాటే వచ్చి లాయరుతో చెప్పు."

మా కంపెనీ ఒప్పుకోదన్నాను. కంపెనీని నేను అడగనే లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కొత్త డిస్కుల పనితీరు చూడడానికి సర్వర్ గదిలో కూర్చున్నాను. రెండు ఇరవై అయింది. హాలు కెమెరా తెర మీద, మూడో బెంచీ చివర ఓబులేసు కూర్చుని ఉన్నాడు. ఎర్ర తువ్వాలు, క్యారియర్. తెర మూలన ఉన్న తేదీ, సమయం ఆ రోజువే.

హాలు పది అడుగుల దూరం. వెళ్ళి చూశాను. బెంచీ ఖాళీ. తిరిగి వచ్చాను. తెర మీద ఆయన ఉన్నాడు.

సువార్తమ్మను పిలిచాను. చూడగానే ఆమె ముఖం వికసించింది. "ఉందే! పోయిందంటివి గదప్పా. పాపం, ఆ బిడ్డకు ఇచ్చెయ్."

"ఇది పాతది కాదమ్మా. ఇప్పటిది."

ఆమె నమ్మలేదు. నా హెల్మెట్ తీసుకుపోయి ఆ బెంచీ మధ్యలో పెట్టి వచ్చాను. తెర మీద ఆయన పక్కన హెల్మెట్ కనిపించింది. ఆయన క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

సువార్తమ్మ "ప్రభువా" అంది. తర్వాత తెరను వదిలేసి నా వైపు చూసింది.

"ఏం చేసినావప్పా నువ్వు?"

నేను మౌస్ పట్టుకున్నాను. తెర మీద కాపీ బటన్ ఉంది. దాన్ని నొక్కలేదు. లేచి ఆ కెమెరా వైరు పీకేశాను. ఐదున్నరకు మళ్ళీ తగిలిస్తే, బెంచీ మీద హెల్మెట్ ఒక్కటే ఉంది.

తర్వాత ఒక్కొక్కటీ పరిశీలించాను. ఆ మధ్యాహ్నపు రికార్డింగులో ఖాళీ బెంచీ, హెల్మెట్ తప్ప మనిషి లేడు. కొత్త డిస్కుల్లో పాత దృశ్యం ఉండే వీలు లేదు. ఒకవేళ ఉన్నా అందులో నా హెల్మెట్ ఉండదు. కెమెరా, వైరు, తెర మూడూ మార్చి చూశాను. ఏ లోపమూ దొరకలేదు. ఓబులేసుకు అప్పటికి బెయిలు రాలేదని సువార్తమ్మ కనుక్కుంది.

మరుసటి రోజు ఆమె సెలవు పెట్టి లాయరు దగ్గరికి వెళ్ళింది. తెర సంగతి చెప్పలేదు. హత్య జరిగిన మధ్యాహ్నం ఓబులేసును తాను హాల్లో చూశానని, నీళ్ళిచ్చానని రాసిచ్చింది. అన్నాళ్ళూ భయపడి ఊరుకుంది, అంతే. ఆస్పత్రివాళ్ళు నెల తిరక్కుండా ఆమెను మాన్పించారు. ఇప్పుడు కలమల్ల దగ్గర ఒక బడిలో ఆయాగా చేస్తోంది.

ఆమె ఒక్కదాని మాట చాలదని లాయరు నాకు ఫోన్ చేశాడు. ఆమె నీళ్ళివ్వడం మీరు రికార్డింగులో చూశారా అని అడిగాడు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

ఓబులేసుకు బెయిలు రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. కేసు ఇప్పటికీ నడుస్తోంది.

ఆ రోజు మేము చూసింది ఏమిటో నేను చెప్పలేను. నా ఒక్కడి భ్రమ అందామంటే సువార్తమ్మ కూడా చూసింది. ఎవరికైనా కారణం తోస్తే చెప్పండి, వింటాను. లాయరు నంబరు నా ఫోన్లో ఉంది. ఇదంతా రాయగలిగాను కానీ, ఆయనకు మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు.