సైరన్ విని ఏటికి పోయిన ఊరు

ఎమ్మిగనూరు బస్సు ఉదయం ఎనిమిదింటికి నన్ను తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో దించింది. ఊరి పేరు చెప్పను. వాళ్లకు నేనంటే గిట్టదు, నాకూ ఆ ఊరంటే గిట్టదు. వానాకాలం మూడు నెలలు వరద హెచ్చరిక డ్యూటీ. సామాను: చేత్తో తిప్పే సైరన్, వాకీటాకీ, రెయిన్‌కోటు, టార్చి, రికార్డు పుస్తకం. ఫౌజులో ఇరవై రెండేళ్లు చేసి రిటైరైన వాణ్ని. మాది దేవనకొండ, ఏరు లేని మెట్ట సీమ. వాన కోసం మొగులు చూడటం తెలుసు గానీ ఏటి సంగతి నాకు తెలియదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆర్డరు చిన్నది. రేవు మెట్ల మీది ఎర్రగీతను నీళ్లు తాకితే సైరన్ తిప్పాలి. జనాన్ని మిట్ట మీది బడికి తోలాలి. ఊరు ఖాళీ కాగానే రిపోర్టు చేయాలి.

టీ అంగట్లో నేను కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. రెండుసార్లు డ్రిల్లు పెడితే ఒక్కడూ కదల్లేదు. నేను దిగిన గదికి పక్కింటి ఉసేనప్ప మాత్రం ముఖం మీదే అడిగాడు.

"గీతకు నీళ్లొచ్చినాక కూస్తే ఏం లాభం సారూ? డ్యాం గేట్లు ఎత్తేది నీకు ముందే తెలుస్తాది. ముందురోజే సెప్పల్ల."

ఆర్డరు ఆర్డరే అన్నాను. నాకే డ్యూటీ నేర్పుతాడా అని లోపల మండింది.

ఐదో వారం. మూడు రోజులుగా ముసురు. పైన గేట్లు ఎత్తారని ఆఫీసు ఆపరేటర్ ముందురోజే వాకీటాకీలో చెప్పాడు. నేను గీత కోసం ఆగాను. మర్నాడు ఉదయం పది నలభైకి నీళ్లు తాకాయి. సైరన్ తిప్పాను. పది యాభై ఐదుకు వీధులన్నీ తిరిగాను. ప్రతి తలుపుకూ గొళ్లెం. కుక్కలు తప్ప ఎవరూ లేరు. గర్వంగా అనిపించింది.

"ఊరు ఖాళీ. పదిహేను నిమిషాలు," అని రిపోర్టు చేశాను.

"శభాష్ సార్," అన్నాడు ఆపరేటర్.

మిట్ట ఎక్కాను. బడిలో ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు. మిగతావాళ్లేరని అడిగాను. ఉసేనప్ప భార్య గంగమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఏటికి పోయినారు. మోటార్లు ఆడుండాయి కదా."

ఏటి నీళ్లు తోడే మోటారు ఒడ్డున మునిగితే పైన చేలో మిరప ఎండిపోతుంది. ఈ సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. నా సైరన్‌తో ఊరిని నేనే ఏటికి తోలాను.

పరుగెత్తాను. నడుము లోతు నీళ్లలో మనుషులు వెదురుబొంగులకు మోటార్లు కట్టి మోస్తున్నారు. హిందీలో బూతులు తిట్టాను. ఎవడూ తలెత్తలేదు. ఉసేనప్ప తన మోటారు గట్టుకు చేర్చి, దాని మీద టవలు కప్పి, మళ్లీ ఏటివైపు తిరిగాడు. భుజం పట్టుకున్నాను.

"పైపులు ఆడ్నే ఉండాయి. నిన్న సెప్పింటే నిన్ననే తీసుకుంటుంటిమి," అని నా చెయ్యి విదిలించుకున్నాడు.

దిగాడు. అతని కాళ్ల కింది మట్టి పెళ్లగా విరిగి నీళ్లలో పడింది. టైము పదకొండు ఇరవై. రెండో రోజు కింది ఊరి దగ్గర దొరికాడు.

నెల తిరక్కముందే మళ్లీ గేట్లు ఎత్తారు. ఈసారి కబురు అందిన వెంటనే, సాయంత్రం నాలుగింటికి, మసీదు మైకులో నేనే చెప్పాను: రేపు నీళ్లొస్తాయి, ఇప్పుడే మోటార్లు ఎత్తుకోండి. ఆర్డరులో అది లేదు. మర్నాడు గీత తడిసేసరికి ఏటి దగ్గర ఒక్కరూ లేరు, అందరూ బడిలో ఉన్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం తప్పు అనను.

డ్యూటీ ముగిసిన రోజు బస్సు దగ్గరికి గంగమ్మ వచ్చింది.

"మునుపొచ్చిన పెద్ద వరదకు మా ఇంట్లో నడుముదాకా నీళ్లొచ్చె. అప్పుడు సైరనూ లేదు, నువ్వూ లేవు. ఆయప్ప బతికుండె," అంది.

బస్సెక్కాను.

దేవనకొండలో వానొస్తే అందరూ వాకిట్లోకి వస్తారు. నేను లోపలికి పోతాను. కళ్లు మూసినా గట్టు మీద ఆ మోటారు కనిపిస్తుంది. తడవకూడదని ఉసేనప్ప కప్పిన టవలు ఇంకా దాని మీదే ఉంటుంది.