మేస్త్రీగారి క్షమాగుణం

మా లాండ్రీలో పెద్ద మేస్త్రీ గురించి మంచిమాట ఒకటి చెప్పమంటే చెబుతాను, ఇస్త్రీ బాగా చేస్తాడు. పట్టు ఎంత వేడికి ఆగుతుందో, ఉన్ని మీద తడిగుడ్డ ఎంతసేపు ఉంచాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పద్నాలుగో ఏట సబ్బునీళ్ళ తొట్టెల దగ్గర చేరి, ముప్ఫై రెండేళ్ళలో కిటికీ పక్క బల్ల దాకా ఎదిగాడు. మంచిమాట అయిపోయింది, ఇక మిగతాది చెబుతాను.

వెనకాల ఆయన్ను అందరూ పన్నీరు అంటారు. బుడ్డి వంచితే పన్నీరు చల్లినట్టు ఆయన కళ్ళు ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు చల్లుతాయి. వీధిలో కుక్క కాలు విరిగితే భోరుమన్నాడు. దాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది మాత్రం బట్టలు ఆరేసే అమ్మాయి. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదంటారు. అందులో మొదటి సగం ఎవడో పనిలేని మగవాడు చేర్చి ఉంటాడు. రెండో సగం మా మేస్త్రీని చూసే పుట్టింది.

సాయంత్రం ఆరున్నరకు ఒక సీరియల్ వచ్చేది, నాలుగేళ్ళు సాగింది. అందులో కథానాయకుడు సొంత అన్న సంతకం తానే పెట్టి ఉమ్మడి ఆస్తి కాజేసి, నేరం అన్న మీదికి తోసి, ఏడేళ్ళు జైలుకు పంపాడు. ఆ ఆస్తి మీద మూడు వందల భాగాలు హాయిగా బతికాడు. తరవాత ఒకరోజు వానలో తడిసి గడ్డం పెంచాడు. సీరియళ్ళలో పశ్చాత్తాపమంటే గడ్డమే. అప్పటినుంచి ఆ మనిషిని క్షమించవచ్చా, కూడదా అన్నది మా లాండ్రీలో పొద్దుటి పూట తగవు. ఆయన తరఫు వకీలు మా పన్నీరు.

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా వాదన మొదలయ్యేది. మనిషన్నాక తప్పు చేయకుండా ఉంటాడా అనేవాడు. లోపల కుమిలిపోతున్నవాడికి వేరే శిక్ష ఎందుకనేవాడు. రాత్రిళ్ళు నిద్రపట్టక పిట్టగోడ మీద కూర్చున్నాడు చూశావా, అంటూ గొంతు వణికించేవాడు. నాకు ఒళ్ళు మండేది. నిద్రపట్టనివాడి పరుపు సంగతే చెబుతాడు గానీ, జైల్లో నేలమీద పడుకున్నవాడి ఊసు ఎత్తడు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మరి జైలుకెళ్ళిన అన్నగారి మాటేంటి మేస్త్రీగారూ?"

"ఆయనదేముంది చెల్లెమ్మా, వారానికోసారి కనపడతాడు. కథ తమ్ముడిది కదా," అన్నాడు.

నేను ఆ లాండ్రీలో నంబర్లు కుట్టే మనిషిని. లోపలికి వచ్చిన ప్రతి బట్టకీ కాలరు వెనక ఒక తెల్ల గుడ్డముక్క, దాని మీద నంబరు. ఏ బల్లకు వెళ్ళే బట్టయితే ఆ బల్ల రంగు దారంతో కుడతాను. పెద్ద మేస్త్రీ బల్లకు ఎర్రదారం. రెండో బల్లకు నీలం. రెండేళ్ళ క్రితం దాకా ఆ రెండో బల్ల మా తమ్ముడిది.

అప్పుడు నేను జ్వరంతో వారం రోజులు ఇంట్లో పడి ఉన్నాను. ఆ వారంలోనే ఒక పట్టుకోటు వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలింది. దారం చూస్తే నీలం. తమ్ముడు ఆ కోటు తన బల్ల మీదికి రానే లేదన్నాడు. కాలిందంటే పోనీ అనుకునేవాడిని, కళ్ళెదుట దారం ఉండగా అబద్ధమాడేవాడు నాకొద్దు అని యజమాని వాణ్ణి ఆ పూటే పంపేశాడు. అప్పటినుంచి వాడు గోదాములో బస్తాలు మోస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు మంచం దిగడానికి గోడ పట్టుకుంటున్నాడు.

అది కాదు అసలు బాధ. మా అమ్మ అదే లాండ్రీలో నలభై ఏళ్ళు తొట్టెల దగ్గర చేసింది. తన నోటి మాట మీద కొడుకును అక్కడ పెట్టించింది. తప్పు చేస్తే చేశావు, నా పేరు చెప్పుకుని చేరినవాడివి అబద్ధమెలా ఆడావురా అని ఆ రోజు ఒక్కసారి అడిగింది. ఆ తరవాత వాడితో మాట్లాడటం మానేసింది. కంచంలో అన్నం పెట్టేది, వాడు వచ్చేసరికి అక్కడినుంచి లేచిపోయేది. ఆరున్నరకు మాత్రం టీవీ ముందు కూర్చుని, గడ్డపాయన కోసం కొంగుతో కళ్ళొత్తుకునేది. ఇక నేనా? తమ్ముణ్ణి నమ్మానంటే నమ్మాను, సగం. మిగతా సగం దారాన్ని నమ్మాను. నా దారం కదా.

మొన్న పని పెరిగి రెండో బల్లకు మళ్ళీ మనిషి కావలసి వచ్చింది. యజమాని ఎవరైనా ఉంటే చూడమన్నాడు. అప్పుడు మా పన్నీరు ముందుకు వచ్చి, పాత కుర్రాడినే పిలుద్దామన్నాడు. వాడి తప్పు తానెప్పుడో క్షమించేశానన్నాడు. అందరి ముందూ ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే చాలు, మనసు కడిగినట్టవుతుంది, ఆ పైన వాడికి తనది హామీ అన్నాడు. ముహూర్తం కూడా ఆయనే పెట్టాడు, శుక్రవారం సాయంత్రం ఐదింటికి. ఆ రోజే సీరియల్ చివరి భాగం. ఒకే రోజు రెండు క్షమాపణలు చూడబోతున్నందుకు ఆయన కళ్ళు అప్పుడే చెమ్మగిల్లాయి.

తమ్ముడికి చెబితే వాడు కాసేపు నడుము రాసుకుంటూ కూర్చున్నాడు.

"చెప్పేస్తాలే అక్కా. చెయ్యని తప్పయితే ఏం, నాలుగు మాటలేగా," అన్నాడు. "కాకపోతే ఆ నాలుగు మాటలూ చెప్పానంటే అమ్మ ఇంక జన్మలో నన్ను నమ్మదు."

గురువారం నాడు రెండో బల్లను బయటికి తీయాల్సి వచ్చింది. వాడు వెళ్ళాక దాన్ని కొట్టుగదిలో పెట్టి, మీద పాత సామాను పేర్చారు. ఆ సామాను దించుతుంటే అట్టడుగున, కాగితంలో చుట్టి, సొంతదారు వద్దని వదిలేసిన ఆ కాలిన పట్టుకోటు కనిపించింది. జ్వరం రాకముందు నేనే నంబరు కుట్టి పంపిన బట్ట, కాలాక దాన్ని చూడటం అదే మొదలు.

నేను ఎడమచేతి వాటం మనిషిని. నా కుట్లన్నీ ఎడమవైపుకు వాలి ఉంటాయి. కోటు మీది నీలం కుట్లు కుడివైపుకు వాలాయి. గుడ్డముక్క అంచు లేపి చూశాను. దాని వెనక తెలుపు మీద, ఎడమవైపుకు వాలిన నా కుట్ల వరస ఎర్రగా అచ్చు పడి ఉంది. విషయం తెలిసిపోయింది. పన్నీరు కోటు కాల్చాడు. నా ఎర్రదారం పైపైన కోసి, ముక్కలు పూర్తిగా లాగకుండానే నీలంతో మళ్ళీ కుట్టాడు. అక్కడితో ఆగితే బతికిపోయేవాడు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా, ముడతగా కనిపించేసరికి తడిగుడ్డ వేసి ఒక్క లాగు లాగాడు. ఆవిరికి ఎర్రరంగు దిగి గుడ్డకు అంటుకుంది. దొంగపనిలో కూడా ఇస్త్రీ మానని పనిమంతుడు.

శుక్రవారం ఐదింటికి అందరం కిటికీ పక్క బల్ల చుట్టూ నిలబడ్డాం. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మనిషి మారతాడనీ, మారనివ్వాలనీ చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఇక చెప్పు నాయనా అన్నాడు. తమ్ముడు నోరు తెరిచాడు. నేను వాడి భుజం మీద చెయ్యివేసి ఆపి, కోటు తీసి బల్ల మీద పరిచాను. పక్కన ఆ రోజు నేను కుట్టిన నాలుగు చొక్కాలు పెట్టాను. ఏం చూడాలో యజమానికి వేలితో చూపించాను. ఆయన గుడ్డముక్కను రెండుసార్లు తిప్పి చూసి, మేస్త్రీ వైపు తిరిగాడు.

పన్నీరు కారింది. ఏం ఏడ్చాడని! పాపిని అన్నాడు, పిల్లలు గలవాణ్ణి, భయపడ్డానన్నాడు, రెండేళ్ళుగా లోలోపల చచ్చిపోతున్నానన్నాడు. పిట్టగోడ మీద కూర్చోలేదన్న ఒక్క లోటు తప్ప అంతా ఉంది. తొట్టెల దగ్గర పనిచేసే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎవరో కుర్చీ తెచ్చి ఆయన్ను కూర్చోబెట్టారు, ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. పాపం ఎంత కుమిలిపోయాడో అని నా చెవి పక్కనే ఒకరన్నారు. యజమాని ఆయన వీపు నిమిరి, పోనీలెండి, అయిందేదో అయిందన్నాడు. తమ్ముణ్ణి సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. నడుము నొప్పివాడికి మాత్రం ఎవరూ కుర్చీ వేయలేదు.

ఏడుపు కాస్త తగ్గాక తమ్ముడు మాట్లాడాడు.

"మేస్త్రీగారూ, నా కాళ్ళు పట్టుకోవద్దు, ఏమొద్దు. ఇల్లు రెండు వీధుల అవతలే. ఇప్పుడే నాతో వచ్చి, వీడు అబద్ధం ఆడలేదని మా అమ్మకి ఒక్కమాట చెప్పండి. నాకది చాలు."

మేస్త్రీ ముక్కు తుడుచుకుని గోడగడియారం వైపు చూశాడు. ఆరుంపావు అవుతోంది.

"తప్పకుండా నాయనా. ఇవాళ చివరి భాగం కదా, అది చూసేసి రేపు పొద్దున్నే వస్తా," అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు కూడా ఆయన చెంపలు తడిగానే ఉన్నాయి. సిగ్గు అన్నది ఆయన ఒంట్లో ఎక్కడుందో వెతకాలంటే నాకు ఈ జన్మ చాలదు.

మేమిద్దరం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ టీవీ ముందు ఉంది. కోటు ఆమె ఒడిలో పెట్టి జరిగింది చెప్పాను. నలభై ఏళ్ళు బట్టల్లో బతికిన మనిషి, గుడ్డముక్క తిప్పి ఒక్క చూపు చూసింది.

"మరి మేస్త్రీ రాలేదేం?" అంది.

ఇంట్లో సీరియల్ చూస్తున్నాడని చెప్పాను. తెర మీద గడ్డపాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, సంగీతం హోరెత్తుతోంది. అమ్మ లేచి టీవీ కట్టేసింది. తమ్ముడి దగ్గరికి వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది.

"నిన్ను నమ్మలేదురా. తప్పు నాది," అంది.

కన్నీళ్ళు లేవు, సంగీతం లేదు. వెనకనుంచి నేను కూడా అదే మాట అన్నాను. ఆ పూట ముగ్గురం కలిసి కూర్చుని అన్నం తిన్నాం.

రేపు వస్తానన్న మనిషి శనివారం రాలేదు, ఆదివారం రాలేదు. సోమవారం పొద్దున తమ్ముడు తన బల్ల దగ్గర ఇస్త్రీపెట్టె తుడుచుకుంటుంటే, పక్క బల్లనుంచి చివరి భాగం కథ మొదలుపెట్టాడు. కథానాయకుణ్ణి క్షమించేశారట. తనకు కన్నీళ్ళు ఆగలేదట.

తమ్ముడు తల ఎత్తకుండా అడిగాడు, "అన్నగారేమన్నాడు?"

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు.

"ఆయనకి మాటలేం పెట్టలేదు," అన్నాడు.