ముక్కక్క వాపసు కౌంటరు

పొయ్యి మూత ఎత్తి, తల లోపలికి వంచి, ఒక్క ఊపిరి లాగేది. అంతే. మూత దించకముందే తీర్పు అయిపోయేది. "రెండుసార్లు వెలిగించారు. రెండోసారి చేప" అనేది. ఎదుట నిలబడ్డ పెద్దమనిషి బిల్లు మడిచి జేబులో పెట్టుకునేవాడు. మేమంతా ఆవిడను ముక్కక్క అనేవాళ్ళం. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేదేమో, ఇంకెక్కడా దానితో పనిపడలేదు.

మాది ఊరి చివర పెద్ద రేకుల షెడ్డులాంటి దుకాణం. తోట సామాన్లు అమ్ముతాం. పారలు, కత్తెరలు, గడ్డి కోసే మిషన్లు, పెరట్లో వేసుకునే బల్లలు, కుర్చీలు, వాటికి నీడపట్టే పెద్ద గొడుగులు, బార్బెక్యూ పొయ్యిలు. నాది పనిముట్ల విభాగం. ముక్కక్కది తలుపు పక్కనే ఉన్న వాపసు కౌంటరు. కొన్న సరుకు నచ్చకపోతే, వాడకుండా ఉంటే, ముప్ఫై రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చునని మా దుకాణం నియమం. ఆ "వాడకుండా" అన్న ఒక్క మాటను కాపలా కాయడానికే ఆవిడను అక్కడ కూర్చోబెట్టారు.

ఎండలు ముదిరాయంటే జనం వేషాలు చూడాలి. శనివారం సాయంత్రం బండి నిండా కుర్చీలు వేసుకుని పోతారు. ఆదివారం స్నేహితుల్ని పిలిచి వాటిలో కూర్చోబెడతారు. సోమవారం పొద్దున్నే అవే కుర్చీలు మోసుకొచ్చి, "సైజు సరిపోలేదండీ" అంటారు. కాళ్ళకు గడ్డి అంటుకునే ఉంటుంది. మెత్తల సందుల్లో వేరుశెనగ పొట్టు. ఒకాయన తెచ్చిన గొడుగు విప్పితే లోపలినుంచి పుట్టినరోజు రంగుకాగితాలు జలజలా రాలాయి.

"ఎవరో ముందే వాడినట్టున్నారు" అన్నాడాయన, మొహం చెక్కుచెదరకుండా.

"అవును, మీరే" అంది ముక్కక్క.

చేతిలో డబ్బు లేకపోవడం ఆవిడకు తప్పుగా తోచేది కాదు. తనకూ ఉండేది కాదు. లేని వైభవాన్ని ఒక్క పూటకు ఎత్తుకొచ్చి, పదిమంది ముందు కాలు మీద కాలేసుకుని, మర్నాడు దాన్ని దులిపి తెచ్చి తన చెవిలో పువ్వు పెట్టబోతారే, అదీ ఆవిడకు కంపరం.

దుకాణంలో చేరకముందు పదకొండేళ్ళు ఒక లాండ్రీలో పనిచేసింది. చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని ఏ మరక దేనిదో చెప్పడం అక్కడే పట్టుబడింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీలో రెండు పూలకుండీలు, అదే ఆవిడ తోట. భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆయన నోట్లోంచి మాట రావడం అరుదు గనుక ఇద్దరి వాటా ఈవిడే మాట్లాడేది. చిన్నప్పుడే తల్లి పోతే, తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క పెంచింది. తన చదువు మానేసి, ఇరుగుపొరుగు బట్టలు కుట్టి, చెల్లెల్ని బడికి పంపింది. లోకంలో ముక్కక్క వాసన చూడకుండా నమ్మిన మనిషి ఆ అక్క ఒక్కతే.

ఆ అక్క మొగుడు ఏదో ఆఫీసులో సెక్షను పెద్ద. పైవాడు కనిపిస్తే నడుం వంగిపోయే రకం, కిందివాడు కనిపిస్తే మెడ బిగుసుకుపోయే రకం. ఆ మధ్య ఇల్లు మారాడు. కొత్తింటి వెనక నాలుగు చాపలు పరిచేంత పెరడు ఉంది. ఆ పెరడు చేతికొచ్చిన రోజునుంచి ఆయనగారి నడకే మారిపోయింది.

ఒక సోమవారం పొద్దున కౌంటరు ముందు వరసలో ఆయన ప్రత్యక్షమయ్యాడు. తోపుడుబండి మీద టేకు బల్ల, ఆరు కుర్చీలు, మూడు మంటల బార్బెక్యూ పొయ్యి. వెనక అక్క, రెండు చేతులతో పెద్ద గొడుగు పట్టుకుని. నేను విరిగిన పార ఒకటి ఇవ్వడానికి అక్కడికే వెళ్ళి ఉన్నాను, అంతా కళ్ళారా చూశాను.

"ఏమ్మా మరదలా, బాగున్నావా? మన పనేగా, టకటకా కానిచ్చెయ్" అన్నాడు.

ముక్కక్క బిల్లు చూసింది. తేదీ శనివారం.

"నిన్న ఇంట్లో ఏమైనా విశేషమా బావగారూ?"

"అబ్బే, విశేషమేముంది. మా ఆఫీసరుగారు ఊరికే ఇటుగా వచ్చి భోంచేసి వెళ్ళారు. పెద్దవాళ్ళ వ్యవహారం. అందుకే నిన్ను పిలవలేదు, ఏమనుకోకు."

"ఏమీ అనుకోలేదు. పొయ్యి ఎందుకు ఇచ్చేస్తున్నారు?"

"రంగు నచ్చలేదు."

"వెలిగించారా?"

"పెట్టెలోంచి తీస్తే ఒట్టు!"

ముక్కక్క మూత ఎత్తింది. ఊపిరి లాగింది. లోపల సబ్బు వాసన తప్ప మరేమీ లేనట్టు మొహం పెట్టింది. తర్వాత వంగి, పొయ్యి అడుగున జిడ్డు కారి చేరే గిన్నెను బయటికి లాగింది. అందులో కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంది. మధ్యలో పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి నిటారుగా నిలబడి ఉంది.

"ఇది కంపెనీవాడు పెట్టి పంపాడా బావగారూ?"

వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. బావగారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు అక్క ముందుకొచ్చి, గొంతు తగ్గించి, "తీసుకోవే. ఇంటికెళ్ళాక నా ప్రాణం తీస్తాడు" అంది. గొడుగు పట్టుకున్న ఆ చేతుల వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. ఆ పొయ్యిని తోమిందెవరో చెప్పడానికి ముక్కు అక్కర్లేదు.

ముక్కక్క దగ్గర రెండు ముద్రలుండేవి. 'వాడినది' ఒకటి, 'వాడనిది' ఒకటి. ఆవిడ చెయ్యి రెండోదాని మీదికి వెళ్ళింది. వాడిన సరుకుకు ఆవిడ ఆ ముద్ర అందుకోవడం ఆరేళ్ళలో నేను చూడలేదు. ముద్ర పైకి లేచింది కూడా. సరిగ్గా అప్పుడే బావగారు వెనక ఉన్న మనిషి వైపు తిరిగి, "మనవాళ్ళు లోపలుంటే ఇదీ సుఖం" అని కన్ను కొట్టాడు.

ముద్ర మళ్ళీ డబ్బాలోకి పోయింది. మొదటిది ధన్‌మని బిల్లు మీద పడింది. వాడినది.

"నన్నెవరనుకున్నావు నువ్వు?" అని అరిచాడు బావగారు.

"అద్దెకు తెచ్చుకుంటే సరిపోయేదానికి దొంగతనం దాకా వెళ్ళిన మనిషనుకున్నా."

ఆ కేకకు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మా మేనేజరుకు కళ్ళు, చెవులు, వెన్నెముక అన్నీ కస్టమరు ఇచ్చినవే. జిడ్డు గిన్నెను చూశాడు, పుల్లనూ చూశాడు. చూసి, నవ్వు అతికించుకుని, "చిన్న పొరపాటు సార్, మా వాళ్ళది" అన్నాడు. సరుకంతా వెనక్కి తీసుకున్నాడు. అక్కడితో ఆగాడా, "సారీ చెప్పండి" అన్నాడు ముక్కక్కతో.

ఆవిడ అక్క వైపు తిరిగి, "క్షమించక్కా" అంది. మొగుడి వైపు చూడనైనా లేదు. బావగారు ఛాతీ విరుచుకుని బయటికి నడిచాడు, ఏదో కోట గెలిచినట్టు.

మధ్యాహ్నం టీ తాగుతుంటే అక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చాలాసేపు విని, ముక్కక్క ఒక్కసారిగా నవ్వింది. ఫోను పెట్టేశాక నాతో చెప్పింది.

"ఆ గిన్నె మర్చిపోలేదట. తోమేటప్పుడు చూసిందట. చూసి వదిలేసిందట."

"మరి తీసుకోమని అంతలా బతిమాలారుగా?"

"పక్కన మొగుడున్నాడుగా! ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన్ని పదిమందిలో కడిగేసే అవకాశం మొదటిసారి దొరికిందట. నేను మెత్తబడిపోతానేమోనని హడలి చచ్చిందట."

ఆ సాయంత్రం సరుకంతా వెనక గదికి చేరింది. స్టీలు పీచుతో పొయ్యిని రుద్దారు, బల్లకు నూనె పట్టించారు, కొత్త పెట్టెలు తెచ్చారు. టేపు అంటించింది నేనే. గొప్పగా చెప్పుకునే విషయం కాదు, దాచుకునే విషయమూ కాదు. ఆ దుకాణంలో అందరం ఏదో ఒకటి అంటించేవాళ్ళమే.

మర్నాటికి ఆ పొయ్యి ప్లాస్టిక్ పచ్చిక మీద, 'కొత్త సరుకు' అన్న అట్టముక్క కింద నిలబడి మెరుస్తోంది. ఓ కొత్త జంట వచ్చి దాని చుట్టూ తిరిగారు. అటుగా పోతున్న ముక్కక్కను ఆ అమ్మాయి ఆపింది.

"ఇది బాగుంటుందా అండీ?"

"బాగానే కాలుతుందమ్మా. ఆదివారం మా బావగారు దీనిమీద మాంసం కాల్చి ఆఫీసరుకు పెట్టాడు. నన్ను పిలవలేదు, అందుకని రుచి సంగతి చెప్పలేను."

అబ్బాయి నవ్వాడు, వేళాకోళమనుకుని. ముక్కక్క నవ్వలేదు. మూత ఎత్తి, కమ్మీల సందులో గోరు పెట్టి గీకి, ఆ నల్లటి జిడ్డు వాళ్ళకు చూపించింది. వాళ్ళు బిక్కమొహాలేసుకుని వెళ్ళిపోయారు. రెండు కుర్చీల అవతల నిలబడి అంతా విన్న మేనేజరు ఊగిపోయాడు.

"దుకాణం పరువు తీస్తున్నారు మీరు!"

"ఉంటే కదండీ" అంది ముక్కక్క. ఛాతీ మీది దుకాణం బిళ్ళ తీసి పొయ్యి మీద పెట్టి, రావలసిన నాలుగు రోజుల జీతం గురించి కూడా అడక్కుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ కౌంటరులో కూర్చునే మనిషి మూతలు ఎత్తడు. అడిగినవాడికల్లా 'వాడనిది' ముద్ర కొడతాడు. మేనేజరు ఆయన్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు. బావగారి ఆఫీసరు నెల తిరక్కుండానే వేరే శాఖకు మారిపోయాడట. అంత డాబూ బూడిదపాలు.

ముక్కక్క మాత్రం రైలు పట్టాల పక్క సందులో, పనిముట్లకు పదును పెట్టే కొట్టులో చేరింది. భర్త స్నేహితుడిదే ఆ కొట్టు. ఇరుకు గది, రెండు సానరాళ్ళు, గోడకు వేలాడే కొడవళ్ళు, నేలంతా ఇనప పొడి. ఆదివారాలు మధ్యాహ్నం అక్క వచ్చి కూర్చుంటుందని చెప్పింది. మొగుడికి చెప్పి వస్తుందా, చెప్పకుండా వస్తుందా అని నేను అడగలేదు.

మొన్న నేను వెళ్ళేసరికి ఆవిడ ఒక కత్తెర పట్టుకుని తిట్టిపోస్తోంది. ఎవరో ముసలాయన గులాబీ కొమ్మలు కత్తిరించుకుందామని పోయినేడు కొనుక్కున్నాడట. ఒక్క ఏడాది తిరిగేసరికి అంచు మడతపడిపోయింది.

"పట్టుకు చూడు" అని నా చేతిలో పెట్టింది. "సాన పడితే పొడి రాలుతోంది గానీ పదును రావట్లేదు. ఇది ఇనుము కాదు, ఇనుము ఫోటో."

తిప్పి చూశాను. పిడి మీద మా దుకాణం గుర్తుంది. పనిముట్ల విభాగం నాదే గనుక, అమ్మింది నేనే అయి ఉంటాను. ఆవిడకూ ఆ సంగతి తెలుసు.

"ఏం చేస్తావు దీన్ని?" అన్నాను.

"తాతకు నిజం చెప్పేస్తా. పాతకాలపు గట్టి ఇనుముతో చేసిన కత్తెర ఒకటి నా దగ్గరుంది, అది ఇచ్చేస్తా" అంటూ దాన్ని తీసి చెత్తడబ్బాలో పడేసి, చేతులు తుడుచుకుని, తర్వాతి కొడవలి అందుకుంది.